మూడోసారికి గానీ నిజం చెప్పని మనిషి

ఇస్ఫహాన్ అంతా గాలించినా ఇరజ్ ఆగా అంతటి మర్యాదస్తుడు దొరకడని పైవాటా వాళ్ళూ, కిందివాటా వాళ్ళూ, సందు చివర రొట్టెల బట్టీవాడూ ఒకే మాటగా చెబుతారు. పేరు చివర మగవాళ్ళకి ఆగా, ఆడవాళ్ళకి ఖానుం అని గారు తగిలించకపోతే మా ఊళ్ళో అమర్యాద. ఆ మర్యాదే ఆయన కొంప ముంచబోయింది. ఏదో మాటవరసకి అనడం లేదు. నిజంగా కొంపే.

కొంపంటే వాళ్ళమ్మ తూరాన్ ఖానుం వదిలిపోయిన మూడో అంతస్తు వాటా. రెండు గదులు, ఒక వంటిల్లు, ఎండిపోయిన నదివైపు తెరుచుకునే ఒక కిటికీ. ఆవిడ పోయిన శీతాకాలంలో కన్నుమూసింది. అప్పటినుంచి నలభై దాటిన ఇరజ్ అందులో ఒక్కడే ఉంటున్నాడు. ఇకమీదట కూడా అందులోనే ఉంటానంటాడు. అతని అక్క ఫఖ్రీ ఖానుం ససేమిరా అంటుంది. ఊరి చివర ఇలాంటివాళ్ళ కోసం ఒక వసతి గృహం ఉంది, తోట ఉంది, టీవీ ఉంది, వేళకింత తిండి ఉంది, అక్కడ చేరమంటుంది. అంత బాగుంటే ఆవిడే వెళ్ళి ఎందుకు చేరలేదని ఎవరూ అడగలేదు. మేం మర్యాదస్తులం, అలా అడగం.

ఇలాంటివాళ్ళు అంటే ఎలాంటివాళ్ళో కూడా చెప్పాలి కదా. ఇరజ్ విశ్వవిద్యాలయంలో లెక్కలు చదువుతుండగా గోడలు అతనితో మాట్లాడడం మొదలుపెట్టాయి. మొదట సణిగాయి, తరవాత తిట్టాయి, చివరికి నాలుగో అంతస్తు నుంచి దూకమన్నాయి. డాక్టర్లు స్కిజోఫ్రెనియా అన్నారు. ఫఖ్రీ మాత్రం బంధువులకి "నరాల నీరసం" అని చెప్పుకొచ్చింది. ఇరవై ఏళ్ళు దాటినా తగ్గని నీరసం ఏమిటని ఏ బంధువూ అడగలేదు. వాళ్ళిళ్ళలోనూ తలా ఒక నీరసం ఉంది మరి.

మందులు పనిచేశాయి. గోడలు నోరు మూసుకున్నాయి. కానీ ఖాళీ చేసిపోయే అద్దెవాళ్ళు గోడకున్న మేకులు కూడా పీక్కుపోయినట్టు, ఆ గొంతులు పోతూ పోతూ ఇరజ్ బుర్రలోంచి కొంత సామాను పట్టుకుపోయాయి. సగం విన్న మాట రెండో సగం వచ్చేలోపల జారిపోతుంది. ఒక పని మొదలుపెట్టి ఇంకో పనిలో పడితే మొదటిది చచ్చినా గుర్తుండదు. పొద్దున్నే మేడలో వాళ్ళందరికీ తానే వెళ్ళి రొట్టెలు తెస్తానంటాడు. తెస్తాడు కూడా. ఎవరు అడిగారో గుర్తుండదు గనక అందరి తలుపులూ తట్టి ఇచ్చేస్తాడు. అడగనివాళ్ళకి రొట్టె వస్తుంది, అడిగినవాళ్ళకి రెండొస్తాయి. ఇన్నేళ్ళలో ఒక్కరూ "ఇది నాది కాదు ఆగా" అని తిరిగి ఇవ్వలేదు. ఇస్ఫహాన్ వాళ్ళం పిసినారులమని మిగతా ఊళ్ళవాళ్ళు ఊరికే అంటారా!

సరే, ఇరజ్ ఇంట్లో ఉండాలా, తోటా టీవీ ఉన్న చోటికి పోవాలా అన్నది తేల్చవలసినవాడు పగటి చికిత్స కేంద్రంలోని డాక్టర్ సొతూదే. ఆయన ఒక సూత్రం చెప్పాడు. మతిమరుపు ఉండడం తప్పు కాదు. తనకి మతిమరుపు ఉందని రోగికి తెలుసా లేదా అన్నది ముఖ్యం. తెలిస్తే జాగ్రత్తపడతాడు, ఒంటరిగా వదలొచ్చు. తెలియకపోతే వదలకూడదు. వినడానికి ఎంత సబబుగా ఉంది! ఆ తెలివిడిని కొలవడానికి పరాయి దేశం నుంచి ఒక ప్రశ్నావళి వచ్చింది. దాన్ని పారసీలోకి మార్చి మనవాళ్ళ మీద సరిపోతుందో లేదో చూడడం పరస్తూ అనే పిల్ల పని. ఆమె పరిశోధన అదే. ప్రశ్నావళితో పాటు ఒక సూచనల పుస్తకం. అందులో మొదటి సూచన: ప్రశ్న ఒక్కసారే అడగవలెను, మొదటి జవాబే రాసుకొనవలెను.

మొదటి జవాబట! మా దేశంలో! టాక్సీ దిగుతూ ఎంతివ్వమంటారని అడిగితే "మీ దగ్గర తీసుకుంటానా, వెళ్ళిరండి" అంటాడు డ్రైవరు. ఆ మొదటి జవాబు నమ్మి నాలుగడుగులు వేసి చూడండి, వెనకనుంచి ఏమేం వినిపిస్తాయో. భోజనానికి కూర్చోమంటే చుట్టం మొదటిసారి వద్దంటాడు, రెండోసారి కడుపు నిండుగా ఉందంటాడు, మూడోసారికి చెంచా అందుకుంటాడు. మొదటి జవాబు రాసుకుని వెళ్ళిపోతే దేశమంతా ఎప్పుడో ఆకలితో చచ్చేది. పరస్తూకి ఇదంతా తెలియదా? ఉగ్గుపాలతో తెలుసు. ఇంట్లో తెలుసు. సూచనల పుస్తకం తెరిస్తే మాత్రం మరిచిపోయింది. దాన్ని కొలిచే ప్రశ్నావళి ఇంకా రాలేదు.

"ఇరజ్ ఆగా, మనుషుల పేర్లు గుర్తుపెట్టుకోవడం కష్టంగా ఉంటోందా?"

"అబ్బే, మీ దయవల్ల అంతా బాగుంది, డాక్టరమ్మా."

"నేనింకా డాక్టర్ని కాలేదండీ."

"ఇవాళ కాకపోతే రేపవుతారు. మీ చేతిరాత చూస్తేనే తెలుస్తోంది."

పరస్తూ చెయ్యి అడ్డం పెట్టుకుని రాసుకుంది. "ఎవరైనా చెబుతుంటే మధ్యలో మరిచిపోతుంటారా?"

"దేవుడి దయ, ఏ ఇబ్బందీ లేదు. మీకు ఎండ కొడుతోంది, తెర వెయ్యనా?"

"వద్దండీ. వంట చేసుకునేటప్పుడు ఏమైనా ఇబ్బంది?"

"వంటలోనా? అస్సలు లేదు."

"మొత్తం మీద మీ బుర్ర ఎలా పనిచేస్తోందంటారు?"

"నాదీ ఒక బుర్రేనా అమ్మా! మీలాంటి చదువుకున్నవాళ్ళ కాలి దుమ్ముకి సరిపోదు."

కాలి దుమ్ముకి ఎన్ని మార్కులో పుస్తకంలో లేదు. పరస్తూ కాసేపు పేజీలు తిరగేసి, "ఇబ్బంది లేదు" అన్న గడిలోనే గుర్తు పెట్టింది. ఇరజ్ మాత్రం ఏం చేస్తాడు? పరాయింటి ఆడపిల్ల, రెండు బస్సులు మారి వచ్చింది, కళ్ళ కింద నల్లటి చారలు. ఆ పిల్ల నెత్తిన తన గోడు రుద్దడానికి అతనేమైనా సంస్కారం లేనివాడా?

తరవాత ఫఖ్రీ ఖానుంని పిలిచారు. రోగి చెప్పినదాన్ని ఇంటివాళ్ళు చెప్పినదానితో పోల్చి చూడాలి. రెండిటికీ తేడా ఎంత ఎక్కువుంటే రోగికి తన సంగతి అంత తక్కువ తెలుసునట. ఇంట్లో మొగుడి దగ్గర ఫఖ్రీ రోజూ పాడే పాట ఒకటే: "వీడు ఏదో ఒకరోజు మేడంతా పేల్చేస్తాడు, హబీబ్! మనల్ని టీవీలో చూపిస్తారు!" అలాంటావిడ, చేతిలో కలం పట్టుకున్న పరాయి మనిషి ఎదురుగా కూర్చోగానే నడుం నిటారు చేసి, తలమీది రుమాలు సర్దుకుంది.

"మా తమ్ముడా? పువ్వండీ పువ్వు! వాడి జ్ఞాపకశక్తి చూసి చిన్నప్పుడు మా అమ్మ రోజూ దిష్టి పొగ వేసేది."

"ఇప్పుడెలా ఉంటోందండీ?"

"ఇప్పుడూ అంతే. కాస్త నరాల నీరసం, అంతే."

పరస్తూ లెక్క కట్టింది. తమ్ముడి ఇబ్బందులు సున్నా, అక్క చెప్పినవి సున్నా. తేడా సున్నా. అంటే ఇరజ్‌కి తన గురించి తనకి సంపూర్ణంగా తెలుసు! ఆ తరవాత కొన్ని మాటలు వినిపించి తిరిగి చెప్పమంటే, అతనికి దానిమ్మ, నిచ్చెన తప్ప ఒక్కటీ మిగల్లేదు. మర్యాదకి మూడో మాట ఒకటి సొంతంగా కలిపాడు.

డాక్టర్ సొతూదే కాగితాలు చూసి విరగబడి నవ్వాడు. "అంటే తమ్ముడికీ తెలియదు, అక్కకీ తెలియదు. జబ్బు ఇంటిల్లిపాదికీ ఉందన్నమాట!" అన్నాడు. గదిలో ఇంకెవరూ నవ్వకపోయినా తన జోకుకి తానే కళ్ళు తుడుచుకున్నాడు. "తెలివిడి లేదు, వసతి గృహానికి పంపాలి అని రాసేద్దాం. నియమం ప్రకారం ఇల్లు ఒకసారి చూడాలిగా, నువ్వు వెళ్ళి చూసిరా పరస్తూ."

పరస్తూ వెళ్ళేసరికి ఫఖ్రీ ముందే దిగిపోయి బల్లనిండా పళ్ళూ, దోసకాయలూ, పిస్తా మిఠాయిలూ పేర్చేసింది. ఇల్లు అద్దంలా ఉంది. ఇరజ్ చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని గుమ్మంలో నిలబడి, "మీ పాదం పెట్టారు, మా ఇల్లు వెలిగింది" అన్నాడు. పరస్తూ బూట్లు విప్పుతుంటే "వద్దొద్దు, అలాగే రండి" అని ముగ్గురూ కాసేపు గుమ్మంలోనే మర్యాద చేసుకున్నారు. ఆమె విప్పింది. విప్పుతుందని అందరికీ తెలుసు.

"టీ వద్దులే, షర్బత్ కలుపుతాను. ఎండన పడి వచ్చింది పిల్ల," అంది ఫఖ్రీ హడావిడిగా. బయట కార్తె మారి చలిగాలి కొడుతోంది. పరస్తూ కోటు కూడా విప్పలేదు.

ఇరజ్ అక్కవంక చూశాడు. ఇంటికి వచ్చిన మనిషికి టీ ఇవ్వని ఇల్లు ఇల్లేనా? చావు ఇంట్లో కూడా ఇస్తారే.

"టీ పెడదాం అక్కా," అన్నాడు.

"షర్బత్ అన్నాగా."

"టీ పెడదాం. పొయ్యి వెనక ఆ గ్యాస్ వాల్వ్ తెరువు."

"ఏ వాల్వ్? ఏంటి నీ మాటలు?" ఫఖ్రీ మొహం పాలిపోయింది.

"నువ్వు మూసేసింది, అక్కా."

పరస్తూ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఇరజ్ ఆగా, గ్యాస్ మూసి ఉందని మీకు తెలుసా?" అని అడిగింది.

"అబ్బే, ఏదో నోరు జారాను. మిఠాయి తీసుకోండి."

"నిజంగా చెప్పండి, తెలుసా?"

"ఇవన్నీ మీకెందుకమ్మా శ్రమ."

పరస్తూ కలం మూత పెట్టింది. సూచనల పుస్తకం సంచీలో పడేసింది. కుర్చీ దగ్గరికి లాక్కుని, తన నాయనమ్మ చుట్టాలని అడిగే గొంతుతో అడిగింది. "నా ప్రాణం మీద ఒట్టు, ఇరజ్ ఆగా. చెప్పండి."

అతను మెడ దగ్గర గుండీ విప్పుకున్నాడు.

"తెలుసమ్మా. అమ్మ పోయిన కొత్తలో కెటిల్ మాడ్చేశాను. నీళ్ళన్నీ ఇగిరిపోయి అడుగు ఎర్రగా కాలిపోయింది. నేను పక్కగదిలోనే కూర్చుని ఉన్నా. పొయ్యిమీద ఏదో పెట్టానన్న సంగతే నాకు లేదు. కెటిల్ గుడ్డలో చుట్టి బీరువా వెనక దాచా. అక్క చూసింది. చూసి ఏమీ అనలేదు. మర్నాటి నుంచి వాల్వ్ మూసుంది."

"మీరు తెరుచుకోవచ్చుగా?"

"ఎంతసేపు? చెయ్యి పెడితే అందుతుంది. తెరిస్తే మూయడం గుర్తుండదు. కిందవాటాలో మలక్ ఖానుం మనవలు పడుకుని ఉంటారు."

"మరి అక్కతో చెప్పొచ్చుగా?"

"ఏమని? నేను బతికుండాలని దొంగచాటుగా మూసింది. నువ్వు దొరికిపోయావు అని మొహం మీద ఎలా అంటానమ్మా? సిగ్గుపడదూ?"

"మరి వంటలో ఇబ్బంది లేదన్నారు!"

"లేదుగా. వంటే లేదు, ఇబ్బంది ఎక్కడినుంచి వస్తుంది? రొట్టె, పెరుగు, దోసకాయ. మీరు ఒక్కసారి అడిగి ఊరుకున్నారు."

ఇక ఫఖ్రీ ఊరుకోగలదా! చేతిలో పళ్ళెం బల్లమీద ధడాలున పెట్టింది.

"వసంతం నుంచీ తెలుసా నీకు? రోజూ ఫోను చేసి అన్నం వండుకున్నావా అని అడిగితే, అడుగు కరకరలాడేలా వండానక్కా అంటావే! చల్లటి రొట్టె మింగుతూ అన్నావట్రా ఆ మాట?"

"నువ్వు నోరూరుతోంది అన్నావు కదక్కా. వాల్వ్ మూసింది నువ్వే. నీకు మాత్రం తెలియదా?"

అంతే, ఫఖ్రీ కూలబడి ఏడ్చింది. పిస్తా మిఠాయిల ముందు, పరాయి పిల్ల ముందు, పరువూ మర్యాదా చూసుకోకుండా ముక్కు చీదుతూ ఏడ్చింది. ఆ ఏడుపులోనే అన్నీ కక్కేసింది. రోజూ ఊరు ఈ చివరినుంచి ఆ చివరికి వస్తోంది. మొగుడికి కుట్టు క్లాసుకి వెళ్తున్నానని చెప్పింది. ఈపాటికి ఊరందరికీ బట్టలు కుట్టి ఉండాలి, నాకో చొక్కా ఏది అని హబీబ్ ఎదురుచూస్తున్నాడు. ఇక తనవల్ల కాదు. కాళ్ళు లాగేస్తున్నాయి. అందుకే వసతి గృహం అంది. తమ్ముడు బరువై కాదు, భయంతో నిద్ర పట్టక అంది. తమ్ముడు తెరిచేశాడేమోనని రోజూ వచ్చి వాల్వ్ తడిమి చూసుకునేది. ఒక్కరోజు కూడా తెరిచి కనబడలేదు. చెయ్యి పెడితే అందే వాల్వ్‌ని ఇన్ని నెలలు ఒక మనిషి ఎందుకు ముట్టుకోలేదో, ఇంత తెలివైన అక్కకి ఒక్కసారీ తట్టలేదు.

ఆ రోజు వాల్వ్ ఫఖ్రీ తెరిచింది. నీళ్ళు మరిగేదాకా ముగ్గురూ పొయ్యి చుట్టూ నిలబడ్డారు. టీ తాగి పరస్తూ వెళ్ళి, విన్నదంతా డాక్టర్ సొతూదేకి చెప్పింది. ఆయన ఒక వారం తరవాత అందరినీ పిలిపించాడు.

"మొదట లేదన్నాడు, తరవాత ఉందన్నాడు," అన్నాడు కాగితాలు తిప్పుతూ. "ఇలాంటి రెండు నాలుకల జవాబులు పెడితే పరిశోధన పాడవుతుంది. ఇతన్ని లెక్కలోంచి తీసెయ్ పరస్తూ. ఇక ఇంటి సంగతి. పొయ్యి దగ్గర తనని నమ్మలేమని అతనే ఒప్పుకున్నాడు కదా? వసతి గృహమే మంచిది. ఏమంటారు ఇరజ్ ఆగా?"

ఇరజ్ మొహం వాడిపోయింది. అయినా లేచి నిలబడి గుండెమీద చెయ్యి పెట్టుకున్నాడు. "మీరెలా సెలవిస్తే అలాగే, డాక్టరుగారూ."

"చూశారా, ఒప్పేసుకున్నాడు!" అని డాక్టరు కలం తీశాడు.

"పెట్టండి ఆ కలం కింద!" ఫఖ్రీ అరిచింది. అరుపుకి పక్కగదిలోవాళ్ళు తొంగి చూశారు. "మీరు ఈ దేశంలోనే పుట్టారా, విమానంలోంచి పడ్డారా? మర్యాదకి అన్న మాట పట్టుకుని మనిషిని ఇంట్లోంచి తోసేస్తారా?"

"ఖానుం, నెమ్మదిగా..."

"నాకు నెమ్మది లేదు. నా జవాబులు కూడా మారాయి, రాసుకోండి. మొదట అబద్ధం చెప్పాను. పువ్వన్నాను. పువ్వు కాదు, మరిచిపోతాడు. మరిచిపోతానని వాడికి తెలుసు. వాడికి తెలుసన్న సంగతి నాకే తెలియలేదు. ఇబ్బంది లేదంటే తెలివిడి లేదని పంపిస్తారు. ఇబ్బంది ఉందంటే ఇబ్బంది ఉంది కదా అని పంపిస్తారు. ఏం చెబితే పంపరో అదొక్కటి చెప్పండి, మావాడికి నేర్పిస్తాను!"

డాక్టరు పరస్తూ వంక చూశాడు. పరస్తూ తన గోళ్ళు చూసుకుంది. ఏం చెబితే పంపరో ప్రశ్నావళిలో ఎక్కడా లేదు.

"చూడండి," అన్నాడాయన చివరికి గొంతు తగ్గించి. "గ్యాస్ పొయ్యి ఉన్న ఇంట్లో ఒంటరిగా ఉండకూడదు. ఇది మాత్రం రాయక తప్పదు."

ఫఖ్రీ తమ్ముడివైపు తిరిగింది. "నువ్వు చెప్పు. ఆయనకి కాదు, నాకు చెప్పు. వెళ్తావా?"

"నీ ఇష్టం అక్కా."

"వెళ్తావా?"

"నీకు శ్రమ తగ్గుతుందంటే..."

"ఇరజ్! వెళ్తావా?"

"వెళ్ళను," అన్నాడు ఇరజ్. "అది అమ్మ ఇల్లు. నేను వెళ్ళను."

"అయితే పొయ్యి తీసేస్తాం. మీరు రాసేది రాసుకోండి డాక్టరుగారూ," అంది ఫఖ్రీ.

టీ నీళ్ళు మరగగానే దానంతట అదే ఆగిపోయే కరెంటు సమోవార్ ఒకటి, అన్నం ఉడికాక ఊరుకునే కరెంటు గిన్నె ఒకటి కొన్నారు. వాల్వ్ గురించి ఎవరూ నోరెత్తకూడదు గనక, ఇన్ని నెలలూ అవి బజార్లో ఉన్నాయని ఎవరికీ తోచలేదు. శుక్రవారం సెలవునాడు పొయ్యి తీసుకుపోవడానికి హబీబ్ వచ్చాడు. కుట్టు క్లాసు సంగతి తెలిశాక అతను భార్యని ఒక్క మాటా అనలేదు, చొక్కా మాత్రం కొనుక్కుని వేసుకొచ్చాడు. మేడలో ఎవరూ లేవకముందే దించేద్దామని ఫఖ్రీ ముందురోజే తమ్ముడికి చెప్పింది. అతను మరిచిపోయి రొట్టెల వరసలో నిలబడ్డాడు. అవన్నీ పంచి అతను వచ్చేసరికి మధ్యాహ్నం కావస్తోంది, ప్రతి గుమ్మం తెరిచి ఉంది.

అది వాళ్ళమ్మ తూరాన్ ఖానుం ఇనప పొయ్యి. ఆవిడ కాపురానికి వచ్చినప్పటిది, ఏనుగంత బరువు. ముగ్గురూ మోసుకుంటూ రెండో అంతస్తు మలుపు దగ్గరికి వచ్చేసరికి మలక్ ఖానుం చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"అయ్యో, అంతా శుభమేనా? పొయ్యి పాడైందా ఏమిటి?"

ఫఖ్రీ అలవాటు కొద్దీ నోరు తెరిచింది. కొత్త రకం పొయ్యి వస్తోంది, టెహరాన్ నుంచి, చిన్నదీ నాజూకైనదీ. అంతా నాలుక చివర సిద్ధంగా ఉంది.

"పొయ్యి బాగానే ఉంది, మలక్ ఖానుం," అన్నాడు ఇరజ్ ముందుగా. అన్ని గుమ్మాలకీ వినపడింది. "నేనే ఆర్పడం మరిచిపోతాను."

మలక్ ఖానుం ఏమనాలో తోచక ఫఖ్రీ వంక చూసింది. కాదని చెబుతుందేమోనని చూసింది.

"అవును, మరిచిపోతాడు," అంది ఫఖ్రీ. "కాస్త ఆ చెప్పులు పక్కకి జరపండి, బరువుగా ఉంది."